వైద్యవిద్యార్థుల జాగరణము

మా శేరిలింగంపల్లి ప్రాంతమున రాత్రికి చీకటి లేదు. 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ వెలసినది మొదలు ఆ చుట్టుపట్ల కంప్యూటరు కార్యాలయములు తెల్లవార్లు దీపములతో వెలుగుచునే యుండును. అయినను రాత్రి షిఫ్టునకు వచ్చినవారు ఉదయమున ఇల్లు చేరుదురు. ద్వారముకడ మెడలోని కార్డు చూపినంతనే, వచ్చిన వేళయు పోయిన వేళయు యంత్రమే వ్రాసికొనును. ఆ వీధులలోనే పెద్ద ఆసుపత్రులును గలవు. వానిలో దీపములక్రింద మేలుకొని యుండువారిలో శిక్షణ పొందు యువవైద్యులనేకులు. వారి పనిగంటలకు మేర యేర్పరచుటకై జరిగిన యత్నముల చరిత్రమును శ్రోతలకు విన్నవింపదలచితిని.

హైదరాబాదున వైద్యపాఠశాల 1846లో నెలకొన్నది. నేటి ఉస్మానియా వైద్యకళాశాల దాని సంతతియే. క్లోరోఫారముచే రోగిని నిద్రపుచ్చుటయందలి అపాయమెట్టిదో తెలిసికొనుటకై, ఆ పాఠశాల యధ్యక్షుడగు ఎడ్వర్డు లారీ పూనికతో 1888, 1889 సంవత్సరములలో ఇచ్చట రెండు సంఘములు పరిశోధనము సలిపెను. ఆ రెండవ సంఘము కూడిన 1889లోనే అమెరికాయందలి బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి తెరవబడినది. రోగి నిద్రనుగూర్చి ఇచ్చట విచారణ జరుగుచుండ, వైద్యుని జాగరణమునకు అచ్చట పునాది పడినదన్నమాట.

ఆ ఆసుపత్రి శస్త్రవైద్యుడు విలియం హాల్‌స్టెడ్. శిష్యులు ఆసుపత్రియందే వసించి, రేయింబవళ్లు పిలుపునకు సిద్ధముగా నుండి, సంవత్సరముల తరబడి నేర్వవలెనని ఆయన పద్ధతి. రెసిడెంటు అను పేరే ఆ నివాసమును తెలుపును. మన గురుకులవాసము జ్ఞప్తికి రాకమానదు. కాని ఒక సంగతి గలదు. ఆయన 1884 ప్రాంతమున కొకైను మందును తన శరీరముపైననే పరీక్షించుకొని దానికి దాసుడయ్యెను. చికిత్స పొంది పిదప మార్ఫియాకు అలవడెను. ఆయన మిత్రుడగు ఆస్లర్ రహస్యముగా వ్రాసియుంచిన వృత్తాంతము 1969లోగాని వెలికిరాలేదు. అలసట యెరుగని గురువుగా లోకము ఎంచిన వ్యక్తి అట్టి వ్యసనముతో జీవితము గడపెను. ఆయన విద్యను మెచ్చుకొనవలసినదే. ఆయన యేర్పరచిన జాగరణమును మాత్రము ధర్మముగా గొనుట తగునా?

చరకుడు ఆహారముతోపాటు నిద్రను శరీరమును నిలుపు మూడు స్తంభములలో నొకటిగా లెక్కించెను. విద్యార్థికి శ్వాననిద్ర యుండవలెనని పెద్దలు చెప్పినమాట నిజమే. కాని కుక్కకు నిద్ర తేలికగాని నిద్రయే లేకపోదు. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులిరువురు ఒక తూకము చూపిరి. పదునేడు గంటలు మేలుకొన్నవాని చేతిపని రక్తమున 0.05 శాతము మద్యమున్నవాని పనికి సమానము. ఇరువదినాలుగు గంటలు మేలుకొన్నచో 0.10 శాతమునకు సమానము. మన దేశమున బండి తోలువానికి చట్టము ఓర్చునది 0.03 శాతమే. 2004లో బోస్టనులో జరిగిన మరొక పరిశోధనమున, సుదీర్ఘమైన పాత వేళలలో పనిచేసిన నూతనవైద్యులు గంటలు తగ్గింపబడినవారికంటె 36 శాతము అధికముగా తీవ్రమైన పొరపాట్లు చేసిరి.

1984లో న్యూయార్కున ఒక ఆసుపత్రిలో పదునెనిమిదేండ్ల యువతి మరణించెను. ఆమెను చూచినవారు దీర్ఘకాలము డ్యూటీలోనున్న శిక్షణవైద్యులు. తండ్రి పత్రికారచయిత, ఊరకుండలేదు. తత్ఫలితముగా 1989లో ఆ రాష్ట్రమున వారమునకు 80 గంటలు, ఏకధాటిగ 24 గంటలు మించరాదను నియమము వచ్చెను. 2003లో అది అమెరికా అంతట వ్యాపించెను. 2011లో మొదటియేటివారికి ఏకధాటి పనిని 16 గంటలకు తగ్గించి, 2017లో మరల 24 గంటలు చేసిరి. వైద్యులు మాటిమాటికి మారినచో రోగి సంగతి ఒకరినుండి యొకరికి చేరుటలో జారిపోవునని పెద్దవైద్యుల వాదము. ఇది త్రోసివేయదగినది కాదు. అయినను అప్పగింత సరిగా లేనిచో అప్పగింతను బాగుచేయవలెగాని అప్పగించువానిని మేలుకొలిపి యుంచుట యెట్టి చికిత్స?

ఇక మన దేశము. 1992 జూన్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ, సుప్రీంకోర్టు ఆదేశములననుసరించి, రెసిడెంటు వైద్యులకు ఒక విధానము ప్రకటించెను. జూనియరు రెసిడెంట్లు సాధారణముగా వారమునకు 48 గంటలు పనిచేయవలెను. ఏకధాటిగ 12 గంటలు మించరాదు. పని అవసరమునుబట్టి వారమునకొక సెలవు. వినుటకెంతో చక్కగానున్నది! నలుబదియేండ్లు వ్యాకరణము చెప్పినవాడనగుట నా దృష్టి ‘సాధారణముగా’ అను పదముపై నిలిచినది. చిన్నయసూరి బాలవ్యాకరణమున ‘బహుళము’ అను మాట గలదు. బహుళమనగా విధి ఒకచోట ప్రవర్తించును, ఒకచోట ప్రవర్తింపదు, ఒకచోట వికల్పమగును, ఒకచోట వేరొక రూపమే పొందును. భాషకది అందము. మనుష్యుని నిద్రకు కాదు. 1961లో మోటారు కార్మికులకై చేయబడి 2025 వరకు అమలులోనుండిన చట్టము చూడుడు. దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు. దూరప్రయాణములకు మినహాయింపు ఉండెనుగాని దానికిని 10 గంటలు, 54 గంటలు అని హద్దు ఉండెను. అచ్చట అపవాదమునకును మేర యుండెను. వైద్యులకు వ్రాసిన సూత్రమున అవసరమునకు మేర లేదు. ఆసుపత్రిలో అవసరము లేని దినమేది?

2020 జూన్‌లో గాంధీ ఆసుపత్రి జూనియరు డాక్టర్లు రోగి బంధువుల దౌర్జన్యమునకు గురియై ధర్నా చేసిరి. కోవిడ్ రోగుల భారమంతయు తమ ఆసుపత్రిపైననే మోపక ఇతర ఆసుపత్రులకు పంచుడనియు, సిబ్బందిని పెంచుడనియు వారు కోరిరి. మా గచ్చిబౌలిలో క్రీడాకారులకై కట్టిన సౌధము టిమ్స్ పేర ఆసుపత్రియైనది ఆ యేటనే. 2024 ఆగస్టులో కలకత్తా ఆర్.జి.కర్ ఆసుపత్రిలో దీర్ఘమైన డ్యూటీ నడుమ సెమినారు గదిలో విశ్రమించిన యువవైద్యురాలు హత్యకు గురియయ్యెను. ఆ విచారణలో సుప్రీంకోర్టు 36 గంటల డ్యూటీ అమానుషమని పలికెను.

నియమముల మాట యేమైనది? 2023లో జాతీయ వైద్యసంఘము ప్రకటించిన నిబంధనలలో అంకెయే లేదు. ‘సముచితమైన’ పనివేళలు అను మాట మాత్రము గలదు. 2024లో ఆ సంఘము నియమించిన నిపుణులు వైద్యవిద్యార్థుల మనస్స్వాస్థ్యమును విచారించి, వారమునకు 74 గంటలు మించరాదని సిఫారసు చేసిరి. దినమునకు ఏడెనిమిది గంటల నిద్ర కావలెననియు చెప్పిరి. వారు సదుద్దేశముతోనే వ్రాసిరి. నడచుచున్న స్థితికంటె అది మేలనియు ఒప్పుకొందును. కాని 1992 నాటి 48 ముప్పదిరెండేండ్ల పిమ్మట సంస్కరణము పేర 74 అయినది. ఆ లెక్క విప్పిచూచినచో వారమున ఒక దినము సెలవు, అయిదు దినములు పదేసి గంటలు, మిగిలిన ఆ యొక్క దినమున ఏకధాటిగ ఇరువదినాలుగు గంటలు. అనగా 1992 నాటి పండ్రెండునకు సరిగా రెండింతలు.