డిజిటల్ పెన్సిలు బ్రష్

ట్యాబ్లెట్ మీదో కంప్యూటరు తెర మీదో గీసిన గీత, కాగితం మీద చేత్తో గీసిన పెన్సిలు గీతలా కనిపించేలా తయారుచేసిన బ్రష్. ఫోటోషాప్, పెయింటర్, క్రిటా, ప్రోక్రియేట్, క్లిప్ స్టూడియో పెయింట్ వంటి సాఫ్ట్‌వేర్లన్నింటిలోనూ ఈ తరహా బ్రష్‌లు ముందే అమర్చి ఉంటాయి. వాటితో తృప్తి పడని చిత్రకారులు సొంతంగా తయారుచేసుకుంటారు.

అసలు పెన్సిలు. గ్రాఫైటు కాగితపు పీచుల మిట్టల మీద అంటుకుంటుంది, పల్లాలు తెల్లగా మిగిలిపోతాయి. గట్టిగా ఒత్తితే పల్లాలూ నిండుతాయి. ఇంగ్లండులోని బారోడేల్‌లో గ్రాఫైటు దొరికిన సంవత్సరంగా చాలా పుస్తకాలు 1564ను ఇస్తాయి. అయితే కాన్రాడ్ గెస్నర్ 1565లోనే ఇలాంటి రాత పనిముట్టును బొమ్మతో సహా వర్ణించాడు కనుక, వాడకం అంతకు కొంత ముందే మొదలై ఉండాలి. గ్రాఫైటులో బంకమట్టి కలిపి కాల్చి, గట్టిదనాన్ని అదుపుచేసే పద్ధతిని ఫ్రాన్సుకు చెందిన కోంటె కనిపెట్టాడని ఒక వాదం, వియన్నాకు చెందిన హార్ట్‌ముట్ కనిపెట్టాడని మరో వాదం. కోంటెకు 1795 నాటి పేటెంటు ఉంది కాబట్టి అతని వైపే మొగ్గు ఎక్కువ. ఆ తర్వాత స్థిరపడిన హెచ్‌బి, 2బి, 6బి పేర్లే నేటి డిజిటల్ బ్రష్‌లకూ తగిలించారు. ‘6బి’ అని పేరున్న బ్రష్‌లన్నీ ఒకే నలుపు ఇస్తాయని మాత్రం ఆశించకూడదు.

చరిత్ర. ఐవాన్ సదర్లాండ్ ‘స్కెచ్‌ప్యాడ్’ ప్రోగ్రాం (1963)లో తెర మీద లైట్ పెన్నుతో గీయగలిగినా, ఆ గీతకు సన్నం లావు తేడా లేదు. ఒత్తిడిని గుర్తించే పెన్ను టీవీ స్టూడియోలకు క్వాంటెల్ పెయింట్‌బాక్స్ (1981)తో పరిచయమైంది. 1986లో స్టీవ్ స్ట్రాస్‌మన్ కుంచె వెంట్రుకలను ఒక్కొక్కటిగా లెక్కలోకి తీసుకున్న నమూనాను ప్రకటించాడు. అది సిరా కుంచెకు సంబంధించినదే అయినా, పనిముట్టు నడతను అనుకరించాలన్న ఆలోచనకు దారి వేసింది. పెన్సిలు విషయంలో అసలు మలుపు మార్క్ జిమ్మర్, టామ్ హెడ్జెస్ రూపొందించిన ఫ్రాక్టల్ డిజైన్ పెయింటర్ (1991). కాగితపు గరుకును బ్రష్‌కు స్పందించే ఉపరితలంగా చూడటం దానితో వాడుకలోకి వచ్చింది. 1999–2000ల్లో మారియో కోస్తా సౌసా, జాన్ బుకానన్ గ్రాఫైటు, కాగితం ఒరుసుకునే తీరును దగ్గరగా గమనించి గణిత నమూనాలు ఇచ్చారు. ఫోటోషాప్‌కు కాగితపు గరుకు వంటి సదుపాయాలున్న కొత్త బ్రష్ ఇంజను 2002లో, 7వ వెర్షన్‌తో వచ్చింది.

తయారీ. చాలా బ్రష్‌లు ఒక చిన్న ముద్రను దారి పొడవునా దగ్గరదగ్గరగా అచ్చువేస్తూ పోతాయి. ముద్రల మధ్య ఎడం ఫోటోషాప్‌లో మామూలుగా మొన వెడల్పులో 25 శాతం. పెన్సిలుకు అది ఎక్కువ. ఎడం బాగా తగ్గించకపోతే గీత పూసల దండలా విడిపోతుంది. ముద్ర కోసం మొద్దుబారిన పెన్సిలుతో కాగితం మీద చుక్కలు పొడిచి, స్కాన్ చేసి, నలుపు తెలుపుల్లోకి మారుస్తారు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఫోటోషాప్‌లో ముద్రలోని నల్లటి భాగం రంగు వేస్తే, ప్రోక్రియేట్‌లో తెల్లటి భాగం వేస్తుంది.

ముద్ర మీద పడే శ్రమలో సగమైనా కాగితపు గరుకు మీద పెట్టినవారి బ్రష్‌లు తక్కువ. నిజానికి పెన్సిలు పోలిక మొనలో కన్నా గరుకులోనే ఎక్కువ ఉంది. ఆ గరుకు గీతతో పాటు కదలకూడదు, కాన్వాసుకు అతుక్కుని ఉండాలి. ప్రోక్రియేట్‌లో గరుకును సూచించే గ్రెయిన్‌ను ‘మూవింగ్’ నుంచి ‘టెక్స్‌చరైజ్డ్’కు మార్చేది ఇందుకే. పక్కపక్కన గీసిన రెండు గీతల్లో తెల్లటి పల్లాలు ఒకే చోట మిగిలితేనే కింద కాగితం ఉందని కన్ను నమ్ముతుంది. పైగా ఒత్తిడి పెరిగేకొద్దీ గరుకు లోతు తగ్గేలా అమర్చాలి. మెల్లగా రాస్తే మిట్టలే నల్లబడాలి, అదిమితే పల్లాలు పూడాలి.

నలుపుకూ హద్దు ఉండాలి. హెచ్‌బి పెన్సిలు ఎంత రుద్దినా ముదురు బూడిద రంగు దగ్గర ఆగుతుంది. అందుకని నిండు నలుపును వదిలి ముదురు బూడిదను ఎంచుకోవడం మేలు. ఫోటోషాప్‌లో ఒక గీతకు పై హద్దును ఒపాసిటీ నిర్ణయిస్తే, అక్కడికి ఎంత త్వరగా చేరాలో ఫ్లో నిర్ణయిస్తుంది. అయితే పెన్ను ఎత్తి మళ్లీ అదే చోట రుద్దితే ఒపాసిటీ హద్దు చెల్లదు. రంగు ముదురు బూడిదైతే అప్పుడూ నలుపు దాకా పోదు.

వంపును గుర్తించే పెన్నులు ఆపిల్ పెన్సిల్ (2015)తోనే వచ్చాయని రాసేవారున్నారు. వాకమ్ ఇంటువోస్ పెన్నులు అంతకు ఎన్నో ఏళ్ల ముందే వంపును గుర్తించేవి. పెన్ను వాలినప్పుడు ముద్ర వెడల్పై, పలచబడి, పెన్సిలు పక్కవాటంతో వేసిన షేడింగులా మారుతుంది. ఒత్తిడి స్థాయిలు 8192 అని ప్రకటనల్లో కనిపిస్తుంది గాని, ఒక్కో రంగు ఛానెల్‌కు 256 మెట్లే ఉన్న మామూలు 8-బిట్ చిత్రంలో ఆ అంకె కన్నా ఒత్తిడిని నలుపుగా మార్చే వక్రరేఖే ముఖ్యం. గీతను నున్నగా చేసే స్టెబిలైజర్‌ను ఎక్కువ పెడితే చేతి వణుకుతో పాటు చేతి గుర్తూ పోతుంది.

గ్రాఫైటు మెరుపును, వేలితో రుద్దిన మసకను ఈ బ్రష్‌లు అంతగా పట్టుకోలేవు. మసకకు చాలావరకు వేరే స్మడ్జ్ బ్రష్ వాడతారు.

ఒక సాఫ్ట్‌వేర్ బ్రష్ మరోదానిలో అచ్చం అలాగే పనిచేయదు. 5వ వెర్షన్ (2019) నుంచి ప్రోక్రియేట్ ఫోటోషాప్ బ్రష్ ఫైళ్లను (ఏబీఆర్) తీసుకుంటున్నా, ఒత్తిడి, గరుకు అమరికలను మళ్లీ సరిచూసుకోవలసి రావచ్చు.