దాలి, దమ్ము, బంగాళాదుంప

విదేశాలలో కాపురమున్న మన తెలుగు పిల్లల వంటిళ్ళలో ‘స్లో కుక్కర్’ అనే విద్యుత్పాత్ర ఒకటి కనబడుతూ ఉంటుంది. ఉదయం ఉద్యోగానికి బయలుదేరేముందు మాంసమూ, బంగాళాదుంపలూ, ఉల్లిపాయలూ, మసాలా అందులో వేసి మూతపెట్టి వెళతారు. సాయంత్రం ఇల్లు చేరేసరికి మాంసం ఎముకను విడిచి, వ్రేలితో తాకితే చాలు విచ్చుకునేంత మెత్తగా ఉడికి ఉంటుంది. ఇది నవనాగరికత ప్రసాదించిన సౌకర్యమని పలువురి తలంపు. యంత్రం కొత్తదే కాని యుక్తి కొత్తది కాదు. ఆ యుక్తికి మన పల్లెల్లో ఒక పేరుంది. మన హైదరాబాదులో, ముఖ్యంగా ఆబిడ్స్ నాంపల్లి ప్రాంతాలలో, ఒక చరిత్ర ఉంది. ఆ రెంటినీ కలిపి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పేరు సంగతి. మిత్రులలో పల్లెటూళ్ళ నుండి వచ్చినవారికి ‘దాలి’ అన్న మాట జ్ఞాపకముండే ఉంటుంది. పెరటిలో గుంట త్రవ్వి, పిడకలు పేర్చి, నిప్పు రగిల్చి, పైన పాలకుండ పెట్టేవారు. మంట ఉండదు, సెగ మాత్రమే ఉంటుంది. ప్రొద్దున పెట్టిన పాలు సాయంత్రానికి ఎర్రగా కాగి, అరచేతి మందాన మీగడ కట్టేవి. ఆ పాలకు పొంగడం తెలియదు, అడుగంటడం తెలియదు. గృహిణి పొలంపనికి పోయివచ్చినా దాలి తన పని తాను చేసుకుపోయేది. స్లో కుక్కరుకు అచ్చతెనుగు పేరు పెట్టవలసివస్తే నేను ‘కరెంటు దాలి’ అంటాను.

ఇక ఆ విద్యుత్పాత్ర పుట్టుక కథ. దానిని రూపొందించినవాడు ఇర్వింగ్ నాక్సన్ అనే అమెరికన్ యూదుడు. 1940లో పేటెంటు పొందాడు. యూదుల మతధర్మం ప్రకారం శుక్రవారం సూర్యాస్తమయం మొదలు శనివారం చీకటిపడే వరకు నిప్పు రాజేయరాదు, వంట చేయరాదు. మరి శనివారం మధ్యాహ్నం వేడి అన్నం తినడమెలా? శుక్రవారం సాయంత్రమే గొడ్డుమాంసం, బంగాళాదుంపలు, చిక్కుడుగింజలు, బార్లీ ఒక కుండలో వేసి, మూతవేసి, ఊరి రొట్టెలబట్టీకి పంపేవారు. రొట్టెలు కాల్చడం ముగిసిన తరువాత బట్టీలో మిగిలిన వేడి వృథాపోకుండా రాత్రంతా ఆ కుండను ఉడికించేది. ఆ వంటకాన్ని తూర్పు ఐరోపా యూదులు ‘చోలెంట్’ అన్నారు. ప్రాగ్దేశాల యూదులు ‘హమీన్’ అన్నారు. లిథువేనియాలోని తన చిన్ననాటి ఊళ్ళో ఇలా జరిగేదని నాక్సనుకు అతని తల్లి చెప్పిందట. తల్లి మాట కుమారుని చేతిలో యంత్రమైంది. 1970లో రైవల్ అనే సంస్థ నాక్సన్ వ్యాపారాన్ని కొని, మరుసటి ఏడు ‘క్రాక్‌పాట్’ పేరుతో ఆ పాత్రను బజారుకు తెచ్చింది. ఉద్యోగాలకు వెళ్ళే గృహిణుల పుణ్యమా అని అది ఇంటింటికీ చేరింది.

యూదుల ప్రసక్తి వచ్చింది కనుక ఆబిడ్స్ పేరు తలచుకోక తప్పదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ (పాలన 1869–1911) ఆంతరంగిక సేవకుడు ఆల్బర్ట్ ఆబిద్. అర్మేనియా మూలాలున్న యూదుడని చెబుతారు. నిజాము దుస్తులూ, పాదరక్షలూ, ఆభరణాలూ అతని కనుసన్నలలో ఉండేవి. 1891లో దేశమంతా చెప్పుకున్న జాకబ్ వజ్రం బేరంలో నడుమ నిలిచి మాట్లాడినవాడూ అతడే. అతడు పెట్టిన దుకాణం పేరే ఆ పేటకు నిలిచిపోయింది. ఏలినవారి పేర నిలిచిన పేటలు నగరంలో ఎన్నో ఉన్నాయి; ఏలికకు చొక్కా తొడిగినవాని పేర నిలిచినది ఇదొక్కటే కాబోలు! ఆబిదుకూ, చోలెంటుకూ ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. నిప్పు నిషిద్ధమైన దినానికి పుట్టిన వంట ఒకటి యంత్రమై ప్రపంచం చుట్టివచ్చి, ఒక యూదుని పేరుగల పేటలోని దుకాణాలలో అమ్మకానికి కూర్చోవడం చరిత్ర చేసే చమత్కారాలలో ఒకటి, అంతే.

ఆబిడ్స్ నుండి నాలుగడుగులు వేస్తే నాంపల్లి. అక్కడి రైలుస్టేషను 1907 నాటిది. అంతకు చాలా మునుపే అక్కడ వెలసినది యూసుఫైన్ దర్గా. యూసుఫ్, షరీఫ్ అనే ఇద్దరు సాధువులు ఔరంగజేబు సైన్యంలో సిపాయిలుగా ఉండేవారనీ, 1687 గోలకొండ ముట్టడి కాలంలో పెనుగాలికి దండు గుడారాలన్నీ కూలిపోగా వారి గుడారంలో దీపం మాత్రం ఆరకుండా వెలుగుతూ ఉండినదనీ ఐతిహ్యం. ఎనిమిది నెలలు సాగిన ఆ ముట్టడిలో వేలాదిమందికి అన్నం పెట్టవలసివచ్చిన వంటవాళ్ళను గురించి ఐతిహ్యాలు లేవు. చరిత్రకారులకు ఫిరంగుల లెక్క తెలిసినంతగా డేగీసాల లెక్క తెలియదు.

రాత్రంతా ఉడికి తెల్లవారుజామున వడ్డనకు వచ్చే వంటకం నిహారీ. అరబ్బీలో ‘నహార్’ అంటే పగలు, ప్రొద్దు. మన సంస్కృతంలో ‘నీహారం’ అంటే మంచు. ఈ రెండు మాటలకూ చుట్టరికం లేదు కాని, హైదరాబాదు చలికాలపు ప్రొద్దున నీహారమూ నిహారీ కలిసే వస్తాయి. ఇందులో వాడేది కాళ్ళ పిక్కల భాగం, మూలుగ ఉన్న నల్లి ఎముక, ఒక్కొక్కచోట నాలుక. మసాలా దినుసులను పలుచని గుడ్డలో మూటకట్టి కుండలో వేస్తారు. దానిని ‘పొట్లీ’ అంటారు. రాత్రి పొయ్యిమీదికెక్కిన డేగీసా తెల్లవారి నమాజు వేళకు దిగుతుంది. నాలుగువైపులా మూలలు తేలిన నాన్ రొట్టెతోనో, కుల్చాతోనో తింటారు. ఈ ఫలహారం నవాబుల ఇళ్ళలో ఉండేదన్నమాట నిజమే కాని, దానిని బ్రతికించినది నవాబులు కాదు. తెల్లవారుజామున బండి కట్టేవాడు, మూటలు మోసేవాడు, రైలుదిగి పనికి వెతుక్కుంటూ పోయేవాడు. మధ్యాహ్నం దాకా ఆకలి వేయకుండా నిలిచే తిండి వారికి కావాలి, అదీ తక్కువ ధరలో.

ఇక్కడే ఈ వంట మర్మమంతా ఉంది. బాగా పనిచేసిన కండ గట్టిగా ఉంటుంది. పొలం దున్నిన ఎద్దు, బండి లాగిన దున్న, వాటి కాళ్ళ మాంసం పెద్దమంట మీద గంటసేపు ఉడికిస్తే చెప్పుతోలులా తయారవుతుంది. అందుకే అది చౌక. ఆ కండలో కొల్లాజెన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. సుమారు 70 డిగ్రీలు దాటిన వేడిలో గంటల తరబడి ఉంచితే అది కరిగి జిగురవుతుంది. ఆ జిగురే రసానికి చిక్కదనమిస్తుంది, కండను మెత్తబరుస్తుంది. లేతమాంసం కొనలేనివాడు దానికి బదులుగా చెల్లించే వెల కాలం. మన ఆలంకారికులు కవిత్వానికి ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని పేర్లు పెట్టారు. నారికేళాన్ని ద్రాక్షగా మార్చే విద్య కవులకు ఉన్నదో లేదో కాని, నిహారీ వండే భటియారాకు ఉంది.

ఈ సందర్భంలోనే కళ్యాణీ బిర్యానీని చెప్పుకోవాలి. నగరంలో పేదవాని బిర్యానీగా పేరుపడ్డది ఇది. చిన్న చిన్న ముక్కలుగా కోసిన పెద్దమాంసంతో వండుతారు. నేడు బసవకళ్యాణంగా పిలువబడే కళ్యాణి నుండి నగరానికి వచ్చిన నవాబుల దేవిడీలో, తమ ప్రాంతం నుండి పనుల మీద వచ్చేవారికి ఈ బిర్యానీ పెట్టేవారని చెబుతారు. ఆ కళ్యాణి సామాన్యమైన ఊరు కాదు. పశ్చిమ చాళుక్యుల రాజధాని. పన్నెండవ శతాబ్దంలో అక్కడే మూడవ సోమేశ్వరుడు ‘మానసోల్లాసం’ అనే సంస్కృత గ్రంథం రచించాడు. అందులోని అన్నభోగ ప్రకరణంలో మాంసాన్ని కాల్చే, వేయించే, ఉడికించే పద్ధతులు ఎన్నో వివరంగా ఉన్నాయి. ఆ తరువాత కొద్ది దశాబ్దాలకే అదే ఊళ్ళో బసవేశ్వరుడు కులభేదాలను నిరసించాడు. ఆయన చరిత్రను పాల్కురికి సోమనాథుడు తెలుగులో ద్విపద చేశాడు. రాజు భోజనగ్రంథమూ, బసవని సమతాధర్మమూ, పేదవాని బిర్యానీ, మూడింటికీ ఒకే ఊరి పేరు అమరడం గమనింపదగినది.

ఇప్పుడొక మాట దాచకుండా చెప్పాలి. పై వంటలలో వాడేది ‘పెద్దకూర’. హైదరాబాదు ఉర్దూలో ‘బడే కా గోష్’. ఇక్కడి దుకాణాలలో దొరికేది ఎక్కువగా దున్న మాంసం. 1977 నాటి రాష్ట్రచట్టం ఆవును, దూడలను వధించడాన్ని నిషేధించింది. ఎద్దులకూ దున్నలకూ, పనికి పాడికి పనికిరావన్న ధ్రువపత్రం ఉంటేనే అనుమతి. చట్టం సంగతి అలా ఉంచితే, మాట సంగతి వేరు. ‘పెద్దకూర’ అన్నది చక్కని తెలుగు సమాసం, విశేషణ పూర్వపద కర్మధారయం. ముప్పైయేళ్ళకు పైగా తెలుగు పాఠం చెప్పాను. నేను బోధించిన ఏ వాచకంలోనూ ఆ మాట కనబడలేదు. మధ్యాహ్నం గంటకొట్టాక కొందరు పిల్లలు గిన్నెమూతను అడ్డంపెట్టుకుని, గోడవైపు తిరిగి తినేవారు. ఏమిటిరా కూర అని పక్కవాడు అడిగితే “ఆలుగడ్డ” అనేవారు. అది అబద్ధం కాదు. గిన్నెలో ఆలుగడ్డ ఉండేది. సగం నిజంతో కడుపు నింపుకోవలసిన పరిస్థితి ఆ పసివాళ్ళది. నేను శాకాహారిని, నా అభిరుచి నాది. కాని ఒక బిడ్డ తన తల్లి వండిన అన్నం పేరు తన మాతృభాషలో బిగ్గరగా చెప్పలేకపోతే, అది ఆ భాషకు కలిగిన లోపమని ఒక భాషోపాధ్యాయునిగా నా నిశ్చితాభిప్రాయం. 2012లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేసినప్పుడు పెద్ద గొడవ జరిగింది. ఆ గొడవలో వినవలసిన మాట ఒకటుంది: మా గిన్నె మూత మేమే తీస్తామన్నది.

ఆ పిల్లలకు అండగా నిలిచిన ఆలుగడ్డ మాత్రం ఎక్కడిది? దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలది. పోర్చుగీసువారి వెంట పశ్చిమతీరానికి వచ్చింది. మరాఠీలోని ‘బటాటా’ ఆ జ్ఞాపకమే. ఇంగ్లీషువారి కాలంలో వంగదేశంలో సాగు పెరిగి, అటునుండి కోస్తాకు దిగి ‘బంగాళాదుంప’ అయింది. రాయలసీమలో ‘ఉర్లగడ్డ’. తెలంగాణలో ‘ఆలుగడ్డ’. సంస్కృతంలో ‘ఆలుకం’ అనేది అంతకుముందే ఉన్న ఒక కందజాతి పేరు; కొత్తగా వచ్చిన దుంప ఆ పాతపేరును తొడుక్కుంది. పేటకొక పేరుతో పిలిచినా ఎవ్వరూ పరాయిదనలేదు. శ్రాద్ధాలలో కొందరు వర్జిస్తారే కాని, తద్దినం మరునాడు వేపుడు చేసుకుంటారు. పరదేశపు దుంపకు దొరికిన పౌరసత్వం, పొరుగింటి కుండకు దొరకకపోవడం విచారకరం.

ఇక ఇంటిలో చేసుకోదలచినవారి కోసం, నా పూర్వవిద్యార్థి ఒకరు చెప్పిన లెక్క ఇది. పిక్కమాంసం కిలో, ఆలుగడ్డలు అరకిలో, ఉల్లి పావుకిలో. ఉల్లిని, అల్లం వెల్లుల్లి ముద్దను నూనెలో ఎర్రగా వేయించి, పసుపు, కారం, ధనియాలపొడి, ఉప్పు వేసి, ఆ మూకుడులోనే మాంసాన్ని కాస్త రంగు తిరిగేవరకు త్రిప్పాలి. స్లో కుక్కరులో మొదట ఆలుగడ్డలు పరచి, పైన మాంసం వేయాలి. కారణముంది: మెల్లని సెగలో మాంసం కన్నా దుంపే ఆలస్యంగా మెత్తబడుతుంది. అందుకే అడుగున, వేడికి దగ్గరగా ఉండాలి. చింతపండుగాని టమాటాగాని చివరలో వేయాలి. పులుపు తగిలిన దుంప త్వరగా ఉడకదు. రెండు గ్లాసుల వేడినీళ్ళు పోసి, చిన్నసెగ మీద ఎనిమిది గంటలు ఉంచాలి. మధ్యలో మూత తీయరాదు. తీసిన ప్రతిసారీ పోయిన ఆవిరి తిరిగి కూడుకోవడానికి చాలాసేపు పడుతుంది. ఫ్రిజ్జులో గడ్డకట్టిన మాంసాన్ని అలాగే వేయరాదు. స్లో కుక్కరు లేనివారు మందమైన అడుగుగల గిన్నెకు గోధుమపిండితో మూత అతికించి, పెనం మీద పెట్టి సన్నసెగ ఇవ్వవచ్చును. అదే ‘దమ్ము’. పారసీకంలో ‘దమ్’ అంటే ఊపిరి. కుండ తన ఊపిరిని తానే పీల్చుకుని ఉడకడమన్నమాట.

ప్రెషర్ కుక్కరులో మూడు కూతలకు అయ్యే పనికి ఎనిమిది గంటలెందుకని అడగవచ్చు. మెత్తబడటం అందులోనూ జరుగుతుంది. ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీద పాతపుస్తకాల కుప్పలు వెతకడమెందుకు, కొత్తది కొనుక్కోరాదా అని అడిగినవారికి ఏం సమాధానమిస్తామో, దీనికీ అదే సమాధానం.

దాలి, దమ్ము, బట్టీ, క్రాక్‌పాట్. పేర్లు నాలుగు, యుక్తి ఒకటి: మండిపోయిన తరువాత మిగిలిన వేడిని పారవేయకపోవడం. దానిని కనిపెట్టినవారు రాజులు కారు, పండితులు కారు. పిడకలు తట్టిన చేతులు, రొట్టెలు కాల్చిన చేతులు, చౌకమాంసం కొనుక్కున్న చేతులు. వారి వంటల పేర్లు పుస్తకాలలోకి ఎక్కనందువల్ల వంటలకు లోటు రాలేదు, పుస్తకాలకే వచ్చింది.

మీ మీ ఊళ్ళలో దాలిని ఏమనేవారో, మెల్లని సెగ వంటలకు ఏ మాటలున్నాయో తెలిసినవారు దయచేసి వ్రాయగలరు. శాకమైనా సరే, మాంసమైనా సరే. మాటకు మడి లేదు.