అతుకు, గుగ్గిలం, గాలి గన్ను

మొన్నామధ్య తెనాలి వెళ్తే, అల్యూమినియం కిటికీల పని చేయించే మా బాబాయి వరసాయన పట్టుకున్నాడు. "ఏరా అబ్బాయ్, కంప్రెసర్ తో నడిచే సిలికాన్ గన్ను ఒకటి కొందామనుకుంటున్నా, ఇంజనీరువి కదా, ఏది మంచిదో చూసి చెప్పరా" అని. నేను చేసేది జావా ఉద్యోగం. కానీ చుట్టాల లెక్కలో ఇంజనీరంటే మిక్సీ దగ్గర్నుంచి బోరు మోటారు దాకా అన్నీ తెలిసినవాడే :)

ఆయన అడిగినదాంట్లో అర్థముంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి వానకి నీళ్ళు పై నుంచి పడవు, గాలి వాటిని అడ్డంగా గోడలోకి తోస్తుంది. కిటికీ ఫ్రేముకీ గోడకీ మధ్య వెంట్రుకంత సందున్నా చాలు, పొద్దునకల్లా మంచం కింద మడుగు. తరవాత గోడ చెమ్మ, పెయింటు ఊడటం, ఇంటాయన ఫోను, మేస్త్రీ డబ్బులు ఆగిపోవటం.

సరేనని నెట్ ముందు కూర్చున్నా. మోడళ్ళ పోలికతో మొదలుపెట్టి నిజాంపట్నం రేవులో తేలాను. తెలిసిందేంటంటే, గన్ను ఆఖర్న ఎంచుకోవాల్సిన వస్తువు. ముందు అతుకు ఎలా కదులుతుందో చూడాలి, తరవాత అందులో ఏం నింపాలో, ఆ తరవాతే దేంతో నింపాలో. మన తీరంలో పడవలు కట్టినవాళ్ళు ఎన్నో వందల ఏళ్ళుగా నడిచిన వరస ఇదే.

ముందు మోటుపల్లి. బాపట్లకి దక్షిణాన, చినగంజాం దగ్గర. 1244లో కాకతీయ గణపతిదేవుడు ఇక్కడ వేయించిన అభయ శాసనం చాలామందికి స్కూల్లో ఒక మార్కు ప్రశ్నగా గుర్తుండి ఉంటుంది. అసలు సంగతి ఏంటంటే, అంతకు ముందు తుఫానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడలోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ రాజులు లాగేసుకునేవాళ్ళట. గణపతిదేవుడు అలా చెయ్యనని, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటానని రాయించాడు. అతుకు ఊడి ఓడ లోపలికి నీళ్ళొస్తే ప్రాణం పోవటమే కాదు, బతికి ఒడ్డున పడ్డా సరుకు దక్కని రోజులన్నమాట.

ఆ తరవాత యాభై ఏళ్ళకి మార్కో పోలో ఈ రేవుని ముత్ఫిలి అని రాశాడు. వజ్రాలు, సన్న బట్టల గురించి ఆయన రాసింది అందరూ చెప్తారు గానీ, నాకు నచ్చినవి ఓడల అతుకుల గురించి వేరే చోట్ల రాసిన ముక్కలు. హోర్ముజ్ ఓడల్ని మేకుల్లేకుండా కొబ్బరిపీచు తాడుతో కుడతారని, కీలు పూయకుండా చేప నూనె రాస్తారని, వాటిలో ఎక్కటం ప్రమాదమని రాశాడు. చైనా ఓడలకైతే ఇనప మేకులు, సందుల్లో సున్నం, తరిగిన జనపనార, చెట్టు నూనె కలిపి దంచిన ముద్ద. రెండు దేశాలు, రెండు అతుకులు, రెండు రకాల పూత. ఆయనకి కుట్టిన ఓడ నాసిరకంగా కనపడింది. నేను ఒప్పుకోను.

ఎందుకంటే మన కోరమాండల్ తీరంలో శతాబ్దాల పాటు జనాన్నీ సరుకునీ ఒడ్డుకి చేర్చింది కుట్టిన పడవే. ఇంగ్లీషువాళ్ళు మసూలా పడవ అన్నది దాన్నే. 1670ల్లో ఈ తీరంలో తిరిగిన థామస్ బౌరీ దీన్ని వర్ణించాడు, బొమ్మ కూడా గీశాడు. లోపల పక్కటెముకల్లాంటి చట్రం ఉండదు, పల్చటి పలకల్ని కొబ్బరితాడుతో కుట్టటమే. సందు మీద ఎండుగడ్డి పెట్టి దాని మీదుగా కుట్టు బిగిస్తారు. నీళ్ళు కారవా? కారతాయి. తోడి పోయటానికి ఒక మనిషి ఉంటాడు. కానీ మేకులు కొట్టిన గట్టి ఓడ పడవ మన ఒడ్డు కెరటాల్లో ఇసకకి గుద్దుకుంటే పలకలు పగులుతాయి, ఇది మాత్రం వంగి, సాగి, మళ్ళీ సర్దుకుంటుంది. కొంచెం కారినా పర్లేదు, పగలకూడదు అని ముందే అనుకుని చేసిన డిజైను! మనం సర్వర్ల విషయంలో పెద్ద పెద్ద మాటలతో చెప్పుకునేది ఇదే కదా.

లోతు సముద్రంలో నెలల తరబడి తిరిగే ఓడకి ఈ పద్ధతి కుదరదు. అక్కడ టేకు పలకలు, ఇనప మేకులు. బౌరీ కాలానికే నరసాపురం, మాధవాయపాలెం దగ్గర ఇంగ్లీషువాళ్ళు ఓడలు కట్టించుకునేవాళ్ళు. పలకలు కదలవు కాబట్టి సందులో నార దట్టించాలి. పాత తాళ్ళు విప్పి పీచు చేసి, పేనిన పోగుల్లా చుట్టి, మొద్దు ఉలితో, కొయ్య సుత్తితో సందులోకి కొట్టి, పైన కాచిన కీలు పోస్తారు. మన వైపు కీలు బదులు గుగ్గిలం నూనెలో కరిగించి వాడేవాళ్ళు. పడవ ఒంటికి జీడిపిక్కల నూనె పూయటం కూడా పాత అలవాటే. జీడిమామిడికి పరిశోధనా కేంద్రం ఉన్నది బాపట్లలోనే, తెలుసుగా.

ఈ పని చేసేవాణ్ణి ఏమనేవాళ్ళని వెతికితే హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో (1886) కాల్పుట్టీ అన్న మాట దొరికింది. హిందుస్తానీ కలాపత్తీ నుంచి, అది పోర్చుగీసు కలాఫాతె నుంచి, అది మళ్ళీ అరబ్బీ నుంచి వచ్చిందట. మాట కూడా ఓడెక్కి తిరిగింది. మన గోడలకి పెట్టే పుట్టీకీ దీనికీ చుట్టరికం లేదు, అది ఫ్రెంచి మాట.

నిజాంపట్నానికి కూడా ఈ కథలో వాటా ఉంది. రేపల్లె నుంచి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఈ ఊరే పాత రికార్డుల్లో పెటపోలి. డచ్చివాళ్ళు 1606లో, ఇంగ్లీషు కంపెనీవాళ్ళు 1611లో గ్లోబ్ అనే ఓడలో వచ్చి ఇక్కడ వ్యాపారం మొదలుపెట్టారు. మద్రాసు కోట పుట్టక ముందు మాట.

తరవాత 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కృష్ణ పడమటి డెల్టాకి కాలువలొచ్చాయి. తెనాలి మధ్యగా మూడు కాలువలు పారతాయి. దుగ్గిరాల నుంచి కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా వెళ్ళి బకింగ్‌హాం కాలువలో కలుస్తుంది. రోడ్లు సరిగా లేని రోజుల్లో మద్రాసుకి పడవ దారి అదే. కాలువ పడవకి కెరటాల భయం లేదు, ఎండ భయం ఉంది. చెక్క నీళ్ళలో ఉంటే ఉబ్బి సందు మూసుకుంటుంది, ఒడ్డున ఎండబెడితే నోరు తెరుస్తుంది. అక్కడా మళ్ళీ అతుకు కదలికే ప్రశ్న.

ఇక గాలి. నేను గాలితో నడిచే కాకింగ్ అంటే ఏదో కొత్త సరుకనుకున్నా. కాదు. ఇనప ఓడలు, ఆవిరి బాయిలర్లు వచ్చాక రివెట్లు కొట్టిన రేకుల అంచుని ఉలితో నలగగొట్టి సందు మూసేవాళ్ళు, దాన్నీ కాకింగ్ అనే అన్నారు. 19వ శతాబ్దం చివరికి ఆ ఉలి వెనక కంప్రెస్డ్ ఎయిర్ సుత్తి వచ్చింది. 1916లో తెనాలి నుంచి రేపల్లెకి రైలు వేసినప్పుడు ఆ దారిన తిరిగిన ఆవిరి ఇంజన్ల బాయిలర్లు ఆ తరహా రివెట్ల అతుకులవే. అంటే గాలితో కాకింగ్ మొదట సుత్తిగా వచ్చి, తరవాత గన్ను అయింది. పుట్టీ నొక్కే గన్నుకి కెనడాలో ఉండే థియోడోర్ విట్ 1894లో పేటెంట్ తీసుకున్నా, దాన్ని నిజంగా అవసరం చేసింది సాగే రబ్బరు లాంటి పదార్థాలు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల పెట్రోలు ట్యాంకుల అతుకులకి పాలీసల్ఫైడ్, ఆ తరవాత సిలికాన్, పాలీయురెథేన్. నార అయితే సుత్తి కావాలి, ముద్ద అయితే గన్ను కావాలి.

ఇటు మన రేవుల్లో ఫైబర్ పడవలొచ్చాయి, 2004 సునామీ తరవాత మరీ ఎక్కువ. ఫైబర్ పడవకి పలకలూ లేవు, సందులూ లేవు. కలాపత్తు చేసేవాడి పని నిశ్శబ్దంగా తగ్గిపోయింది. ఆ సందు మాత్రం ఎక్కడికీ పోలేదు, పడవ దిగి ఊళ్ళోకొచ్చి అపార్టుమెంటు కిటికీ చుట్టూ కూర్చుంది.

ఇప్పుడు బాబాయి ప్రశ్న. అల్యూమినియం ఎండకి సాగుతుంది, గోడ అంతగా సాగదు. కాబట్టి కిటికీ సందు మసూలా పడవ లాంటిది, నరసాపురం ఓడ లాంటిది కాదు. సాగే సీలెంటు కావాలి. డబ్బా మీద 25 క్లాసు అని ఉంటే సందు వెడల్పులో పాతిక శాతం అటూ ఇటూ తట్టుకుంటుందని. సిమెంటు గోడ అయితే వెనిగర్ వాసనొచ్చే రకం సిలికాన్ వద్దు, న్యూట్రల్ రకం తీసుకోవాలి. వెడల్పులో సగం లోతు చాలు, వెనక ఫోం తాడు పెట్టాలి. మూడు వైపులా అంటుకుంటే సాగలేక చీరుకుపోతుంది.

అప్పుడు గన్ను. అందరూ గాలి గన్ను అంటే బలం ఎక్కువనుకుంటారు. లెక్కేసి చూడండి. ట్యూబు లోపలి వ్యాసం దాదాపు 5 సెంటీమీటర్లు, అంటే వైశాల్యం 20 చదరపు సెంటీమీటర్లు. 6 బార్ గాలి ఇస్తే తోపు 120 కిలోలు. అదే 18:1 నిష్పత్తి ఉన్న చేతి గన్నుని 20 కిలోల బలంతో నొక్కితే, రాపిడికి కొంత పోయినా, మూడొందల కిలోల దరిదాపు! బలం చేతి గన్నుదే. గాలి గన్ను ఇచ్చేది నిలకడ. ట్రిగ్గర్ పట్టుకున్నంతసేపు ఒకే ధారలో వస్తుంది, వందో కిటికీ దగ్గర కూడా చెయ్యి వణకదు. కాబట్టి మెత్తటి సిలికాన్ తో రోజంతా పని ఉంటే గాలి గన్ను, చిక్కటి పాలీయురెథేన్ కి ఎక్కువ నిష్పత్తి చేతి గన్నో బ్యాటరీ గన్నో.

గాలి గన్నులో చూడాల్సినవి నిజానికి రెండే. ఒకటి, ట్రిగ్గర్ వదలగానే లోపలి గాలిని బయటికి వదిలేసే వాల్వు. అది లేకపోతే ధార ఆగదు, ప్రతి మూలా ఒక ముద్ద. రెండోది, గాలి తిన్నగా ట్యూబు అడుగుని తోస్తుందా, లేక మధ్యలో పిస్టన్ ఉందా అన్నది. తిన్నగా తోసే రకం చవక, కానీ ట్యూబు మూత పక్కనుంచి గాలి దూరి సీలెంటులో బుడగలు రావచ్చు. ఇంక 600 ఎం.ఎల్. సాసేజ్ ప్యాకు పట్టే గొట్టం రకమైతే 300 ఎం.ఎల్. ట్యూబులంత చెత్త మిగలదు. ఒత్తిడి తగ్గించుకునే రెగ్యులేటరు, నీళ్ళు వడకట్టే ఫిల్టరు తప్పనిసరి. మన సముద్రపు తేమకి కంప్రెసర్ ట్యాంకులో నీళ్ళు చేరకుండా ఉండవు. ఇవన్నీ బాబాయికి చెప్తే "రేటెంతో చెప్పకుండా ఇంత చెప్పావేంట్రా" అన్నాడు.

ఆయనకి చెప్పటం మర్చిపోకుండా చెప్పింది ఇంకోటుంది. సిలికాన్ రోజుకి రెండు మూడు మిల్లీమీటర్ల లోతే గట్టిపడుతుంది, అదీ పొడి గోడ మీద పెడితేనే. నిజాంపట్నం హార్బరులో ప్రమాద సూచిక ఎగరేశాక ఏ గన్ను పట్టుకుని బయల్దేరినా పని జరగదు. పూయాల్సింది వానలు రాక ముందు, ఎండాకాలంలో కాలువలు కట్టేసినప్పుడు.