పాట మీద దుమ్ము

గ్రామఫోను చరిత్ర అంటే గాయకుల పేర్లు, కంపెనీల పేర్లు చెబుతారు. ప్లేటు మీద దుమ్ము తుడిచిన చేతుల ఊసు అందులో ఉండదు. నేను చూసిన ఇళ్ళలో ప్లేటు వేసే హక్కు ఇంటి పెద్దది, దాన్ని తుడిచి కవరులో పెట్టి భద్రం చేసే పని ఆడవాళ్ళది. ఆ పనికీ ఒక చరిత్ర ఉంది.

మన దేశంలో మొదటి రికార్డింగులు 1902 నవంబరులో కలకత్తాలో జరిగాయి. ఫ్రెడ్ గైస్‌బెర్గ్ అనే ఆయన లండను నుంచి వచ్చి చేశాడు. అప్పుడు పాడినవాళ్ళలో పేరు నిలిచిపోయింది గౌహర్ జాన్‌ది. అంటే మన రికార్డుల చరిత్ర ఒక ఆడగొంతుతోనే మొదలైందన్నమాట. ఆ ప్లేట్లు జర్మనీలో అచ్చయి తిరిగి వచ్చేవి. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టాక ఇక్కడే తయారవడం మొదలైంది.

అప్పటి ప్లేటు దేనితో చేసేవారో తెలుసా? లక్కతో. ఏటికొప్పాక బొమ్మలకు రంగు అద్దే లక్క, గాజులు చేసే లక్క, అదే. దానికి రాతిపొడి, మసి కలిపి అచ్చు పోసేవారు. నిమిషానికి 78 చుట్లు తిరిగేది, ఒక్కో వైపు మూడు నిమిషాల పాట. ఉక్కుసూది అరిగిపోతుందని ఒకటి రెండు పాటలకోసారి మార్చేవారు. ఆ సూది మీద వంద గ్రాములకు పైగా బరువు పడేది. గాడిలో దుమ్ము ఉంటే అంత బరువూ కలిసి దాన్ని సానరాయిలా రుద్దేది. చేయి జారితే ప్లేటు పెంకులా పగిలేది.

మన విజయనగరానికి ఈ కథతో గట్టి చుట్టరికమే ఉంది. 1919లో మహారాజా వారి సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు. తరవాత ఆ స్థానంలోకి వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి ఫిడేలు ప్లేట్లకెక్కి, ఎప్పుడూ కచేరీకి వెళ్ళని ఇళ్ళలో కూడా వినిపించింది. ఘంటసాల గారు ఈ ఊళ్ళోనే మధూకరం ఎత్తుకుంటూ చదువుకున్నారు. సుశీల గారిదీ విజయనగరమే. రావు బాలసరస్వతీదేవి గారైతే ఆరేళ్ళకే రికార్డు ఇచ్చారు. ఇక ఘంటసాల గారి భగవద్గీత ఎల్.పి. ఆయన పోయిన 1974లోనే బయటికి వచ్చి ఇంటింటా మోగింది.

ఎల్.పి.లు వచ్చింది 1948లో, అమెరికాలో. లక్కకు బదులు వినైల్. పగలదు, నిమిషానికి 33 చుట్లే తిరుగుతుంది, ఒక్కో వైపు ఇరవై నిమిషాలు పాడుతుంది. ఒక వైపు గాడిని విప్పి నేల మీద పరిస్తే సుమారు 400 మీటర్లు వస్తుంది. కానీ ఆ గాడి మన తల వెంట్రుకంత సన్నం. సూది బరువు కూడా రెండు గ్రాములకు తగ్గింది. దాంతో లక్క ప్లేటు సొంత గరగరలో కలిసిపోయిన దుమ్ము, వినైల్ మీద టపటపమని పేలాలు వేగినట్టు వినబడసాగింది. పైగా వినైల్ దుమ్మును పిలిచి కూర్చోబెట్టుకుంటుంది. చలికాలంలో నైలాన్ చీర ఒంటికి అతుక్కుంటుంది చూడండి, అదే విద్యుత్తు. కవరులోంచి లాగిన ప్రతిసారీ, పొడిగుడ్డతో గట్టిగా రుద్దిన ప్రతిసారీ అది పెరుగుతుంది.

దీనికి 1950లలో ఇంగ్లండులో సెసిల్ వాట్స్ అనే ఆయన ఒక చిన్న బ్రష్షు కనిపెట్టాడు. పాట నడుస్తుంటే సూదికి ముందుగా అది గాడిని ఊడ్చుకుంటూ పోయేది. ఆయన జీవితకథ రాసింది ఆయన భార్య ఆగ్నెస్. అలా రాసే ఇల్లాలు ఉండబట్టి ఆయన పని నిలిచింది.

మాది గరివిడి. మాంగనీసు గనులు, ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం ఉన్న ఊరు. రాయి లోడు లారీలు తిరిగే ఊళ్ళో దుమ్ము సంగతి చెప్పాలా? పొద్దున్న తుడిచిన కిటికీ సాయంత్రానికి మళ్ళీ నల్లగా ఉంటుంది. అది రాతిపొడి. మెత్తని వినైల్ మీద దాన్ని గుడ్డతో ఒత్తి రుద్దితే గీత పడుతుంది, ఆ గీత ఇక పోదు.

అటక మీద మీ అత్తగారివో అమ్మమ్మవో ప్లేట్లు ఉంటే, వినే ముందు ఈ నాలుగూ చూడండి. ప్లేటును అంచుల దగ్గరే పట్టుకోండి, చేతి జిడ్డు దుమ్మును అంటిస్తుంది. మెత్తని బ్రష్షుతో గాడి వెంట గుండ్రంగా తుడవండి, అడ్డంగా వద్దు. మరీ మురికిగా ఉంటే డిస్టిల్డ్ వాటర్‌తో కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డ చాలు, మధ్య లేబులు తడవకూడదు, పూర్తిగా ఆరాకే సూది పెట్టాలి. లక్క ప్లేటుకు మాత్రం స్పిరిట్ తగలనివ్వకండి, లక్క అందులో కరిగిపోతుంది. తరవాత పుస్తకాల్లా నిలువుగా, ఎండ తగలని చోట పెట్టండి.

సినిమా పాటలు ఎక్కడైనా దొరుకుతాయి. పాత నాటక పద్యాలు, హరికథలు, పేరు మరిచిపోయిన గాయనుల గొంతులు అలా కాదు. వాటిలో కొన్ని మీ అటక మీద ఉన్న ఆ ఒక్క ప్లేటులోనే మిగిలి ఉండొచ్చు. పాత సామాన్ల వాడు కేకేసినప్పుడు దాన్ని అట్టముక్కలతో పాటు తూకానికి వెయ్యకండి.