పాత జీపు పికప్‌ల వెనుక ఇరుసు

వెనుక ఇరుసు మోటారు వాహనపు వెనుక భారాన్ని మోస్తూ, ఇంజను శక్తిని చక్రాలకు అందించే భాగం. విల్లీస్ జీపు, దాని ఆధారంగా వచ్చిన ఎఫ్‌సీ-150 పికప్ వంటి వాహనాలను మహీంద్రా అండ్ మహీంద్రా సంస్థ భారతదేశంలో తయారు చేసింది. ఇటువంటి పాత బండ్లను పునరుద్ధరించేవారు అన్నిటికంటె ముందు తేల్చుకోవలసిన విషయాలలో ఇరుసు ఎంపిక ఒకటి.

నిర్మాణం

ఎడ్లబండిలో ఇరుసు తిరగదు, చక్రమే దానిపై తిరుగుతుంది. మోటారు బండిలో పైగొట్టం (హౌసింగు) తిరగదు, దాని లోపలి షాఫ్టులు తిరుగుతాయి. ఫుల్ ఫ్లోటింగ్ రకంలో భారమంతా ఎడ్లబండిలో వలెనే తిరగని గొట్టం మోస్తుంది. షాఫ్టు విరిగినా చక్రం ఊడదు. సెమీ ఫ్లోటింగ్ రకంలో షాఫ్టే భారాన్ని కూడా మోస్తుంది. బయటి కొన వద్ద విరిగితే చక్రం ఊడిపోయే ప్రమాదం ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలపు విల్లీస్ ఎంబీది మొదటి రకం, తరువాతి సీజే-3బీది రెండవ రకం. కాబట్టి సీజే-3బీ ఇరుసు కొనేటప్పుడు షాఫ్టు కొనను, అందులోని తాళపుచెవి గాడిని (కీ-వే) శ్రద్ధగా పరీక్షించాలి.

పళ్ల నిష్పత్తి

క్రౌన్ వీల్ పళ్లను పినియన్ పళ్లతో భాగిస్తే ఇరుసు నిష్పత్తి వస్తుంది. ఎంబీలో 39ని 8తో భాగించగా 4.88, సీజే-3బీలో 43ని 8తో భాగించగా 5.38. సంఖ్య పెరిగిన కొద్దీ లాగే బలం పెరిగి వేగం తగ్గుతుంది. 6.00-16 టైర్లు గల జీపు టాప్ గేరులో గంటకు 60 కి.మీ. వేగంతో పోతున్నపుడు ఇంజను నిమిషానికి 5.38తో సుమారు 2,400 చుట్లు, 4.88తో సుమారు 2,150 చుట్లు తిరుగుతుంది.

నాలుగు చక్రాలకూ శక్తి అందే బండిలో ముందు, వెనుక ఇరుసుల నిష్పత్తి ఒకటే కావాలి. లేనిచో గట్టి రోడ్డుపై నాలుగు చక్రాల గేరు వేయగానే ఒక ఇరుసు మరొకదానితో పెనుగులాడి, టైర్లు అరిగి, ట్రాన్స్‌ఫర్ కేసు దెబ్బతింటుంది. మార్చదలచినవారు రెండింటినీ మార్చాలి.

నిష్పత్తి తెలిపే రేకు ఊడిపోయి ఉంటే, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఒక వెనుక చక్రాన్ని నేలపై నిలిపి, రెండవదాన్ని జాకీతో ఎత్తి సరిగ్గా రెండు చుట్లు తిప్పాలి. ప్రొపెల్లర్ షాఫ్టు తిరిగిన చుట్ల సంఖ్యే నిష్పత్తి. పాత జీపు హ్యాండుబ్రేకు ఆ షాఫ్టునే పట్టుకుంటుంది కనుక దానిని వదలివేసి, నేలపైనున్న చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టడం తప్పనిసరి.

కొలతలు

జీపు డిఫరెన్షియల్ మధ్యలో కాక కుడివైపునకు ఉంటుంది. మధ్యలో డిఫరెన్షియల్ ఉన్న కారు ఇరుసును బిగిస్తే ప్రొపెల్లర్ షాఫ్టు వంకరగా పోతుంది. కమాన్ పట్టీల మధ్య దూరం, బ్రేకు డ్రమ్ముల పరిమాణం కూడా కలవాలి. ఎఫ్‌సీ-150లో 1958లో చక్రాల ఎడం పెంచారు. ఒకే పేరు గల రెండు బండ్ల ఇరుసులు ఒకటేనని భావించరాదు.

హైదరాబాదులో

ఆబిడ్స్, నాంపల్లి రోడ్లపై, ముఖ్యంగా నుమాయిష్ రోజులలో, బండి రెండవ గేరు దాటడమే అరుదు. ఇక్కడ 5.38 వల్ల నష్టం లేదు సరికదా, క్లచ్చికి శ్రమ తగ్గుతుంది. బాహ్యవలయ రహదారిపై వేగం కోసం దానిని మార్చడం వివేకం అనిపించుకోదు. ఆ బ్రేకులు అంతటి వేగానికి చేసినవి కావు. ఆదివారాలు ఆబిడ్స్ కాలిబాటలపై పరచే పాత పుస్తకాలలో ఆ బండి సర్వీసు పుస్తకం దొరికితే అదృష్టమే. నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో ప్రారంభమైంది. ఆ కాలపు ఆల్బియన్ బస్సు 'దక్కన్ క్వీన్'ను ఆర్టీసీ భద్రపరచింది.

చట్టం

మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షను తయారీదారు నిర్దేశాలకు భిన్నమైన మార్పులను నియంత్రిస్తుంది. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, మూలరూపంలో ఉన్న వాహనమే వింటేజి నమోదుకు అర్హం. ఛాసిస్‌ను మార్చితే ఆ అర్హత పోతుంది. వేరే ఇరుసు పట్టడానికి ఛాసిస్‌ను కోయవలసి వచ్చేటట్లయితే, పాత ఇరుసుకే బేరింగులు, సీళ్లు మార్చుకోవడం మేలు.