చేపల ప్రేరిత ప్రజననం, పుండ్ల వ్యాధి: గండిపేట సందర్భం

1908 మూసీ వరదల తరువాత కట్టి, 1920 నాటికి పూర్తిచేసిన గండిపేట జలాశయం ప్రధానంగా తాగునీటి వనరు. ఇలాంటి జలాశయాల్లో పెంచే బొచ్చె, రవ్వ ప్రవహించే వరదనీటిలో గుడ్లు పెట్టే చేపలు; నిలవనీటిలో అవి ఆ పని చేయడం అరుదు. అందుకే పిల్లలను హేచరీల నుంచి తెచ్చి వదలాలి. 1957లో ఒడిశాలోని అంగుల్‌లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి సారాన్ని సూదితో ఎక్కించి కార్ప్ జాతి చేపచేత గుడ్లు పెట్టించడమే ఈ హేచరీలకు పునాది. పీయూష గ్రంథిని మెదడు నుంచి నడిపించే హార్మోన్ నిర్మాణం 1971లో తేలింది. ఆ కృషిలో భాగస్వాములైన శాస్త్రవేత్తలు గియెమాన్, షాలీలకు 1977లో నోబెల్ దక్కింది. నేడు ఆ హార్మోన్‌ను పోలిన మందులు సంతానలేమి చికిత్సలోనూ, హేచరీలోనూ వాడుకలో ఉన్నాయి. కాబట్టి మనిషి ప్రజనన వైద్యం వేరు, చేపల శాస్త్రం వేరు అని గిరిగీయడం సరికాదని నా అభిప్రాయం.

అయితే హేచరీ పిల్లలతో పాటు వ్యాధి కూడా చెరువులకు చేరవచ్చు. 1971లో జపాన్‌లో కనిపించిన చేపల పుండ్ల వ్యాధి 1988లో భారత్‌కు చేరింది. కారకం అఫానోమైసెస్ ఇన్వాడన్స్ అనే బూజు వంటి జీవి. సూదిమందు అక్కరలేకుండా నిలవనీటిలోనే గుడ్లు పెట్టే కొర్రమీను, తెలంగాణ రాష్ట్ర చేప, దీనికి మరింత తేలిగ్గా లోనవుతుంది కదా, హేచరీని తప్పుపట్టడమేమిటని అడగవచ్చు. ఆ ప్రశ్నలో బలముంది: ప్రజనన పద్ధతి వ్యాధిని పుట్టించదు. కానీ ఈ జీవి సిద్ధబీజాలు నీటిలో ఈదుతాయి. సోకిన చేపపిల్లలు, వాటితో వచ్చే నీరు వ్యాధిని కొత్త చెరువుకు మోయగలవు. చలికాలపు చన్నీటిలో చేప రక్షణశక్తి తగ్గినప్పుడు అది విజృంభిస్తుంది. గండిపేటకు చేరువలోని చేవెళ్ల, మొయినాబాద్ పరిసరాల చెరువుల్లో పిల్లలను వదిలేముందు వేరే తొట్టెలో ఉంచి పరీక్షించడం అందుకే హేచరీ పనిలో భాగం కావాలి.