రెండు రాత్రుళ్ల దూరం

రాజమండ్రి మధురపూడి విమానాశ్రయం నుంచి బెజవాడ గన్నవరానికి పటం మీద స్కేలు పెట్టి గీత గీశాను. సుమారు 125 కిలోమీటర్లు. ఏటీఆర్ విమానానికి ఎగరడం, దిగడం కలుపుకుని అరగంట పని. మా తాత మాత్రం బెజవాడ దూరాన్ని రాత్రుల్లో చెప్పేవాడు: "రెండు రాత్రుళ్ల ప్రయాణంరా అబ్బాయ్."

ఆయనది గూటిపడవ లెక్క. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. ఆ తర్వాత గోదావరి కాలువా, కృష్ణ కాలువా ఏలూరు దగ్గర కలిశాయి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర దృష్టిలో కాలువంటే పొలానికి నీళ్లే కాదు, పడవకు దారి కూడా. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట ఎగువన నిలిచిన నీళ్ల మీదుగా అవతల విజ్జేశ్వరం లాకు చేరాలి. అక్కణ్ణించి నిడదవోలు, తాడేపల్లిగూడెం, ఏలూరు. గాలి వాటంగా ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే మనుషులు భుజాన తాడేసుకుని గట్టు వెంట నడుస్తూ లాగాల్సిందే. మనిషి నడకెంతో పడవ వేగమూ అంతే. లాకులో నీటిమట్టం సరిపోయేదాకా ఎలాగూ ఆగాలి కనక, ఆ కాసేపట్లో పడవలోనే అన్నం వండేసేవారట.

1890ల్లో రైలొచ్చినా గోదారి దారివ్వలేదు. బెజవాడ బండి కొవ్వూరులో ఆగిపోయేది. రేవులో నది దాటితేగానీ రాజమండ్రి లేదు. వాల్టన్ అనే ఇంజనీరు 1897లో మొదలుపెట్టి 1900కి 56 స్పాన్ల హేవలాక్ వంతెన కట్టాకే రెండొడ్లూ కలిశాయి. రోడ్డు మీద పోయేవాళ్లకి ఆ భాగ్యం 1974లో రోడ్డు కం రైలు వంతెనతో పట్టింది. ఊళ్ల మధ్య దూరమంతా ఒకెత్తు, ఆ మూడు కిలోమీటర్ల నీళ్లు ఒకెత్తు.

విమానానికి నది అడ్డం కాదు. దానికి అడ్డం నేలే. మధురపూడి ఊరికి పద్దెనిమిది కిలోమీటర్లు. గంట ముందు చేరాలి. గన్నవరంలో దిగాక బెజవాడకి మరో ఇరవై కిలోమీటర్లు. ఇంటి గుమ్మం నుంచి కూడితే నా అరగంట కాస్తా మూడు గంటలకు తేలింది. రైలుకైతే రెండున్నర. అందుకే నేనిప్పటికీ రైలే ఎక్కుతాను.

గన్నవరం రెండో ప్రపంచయుద్ధం నాటి సైనిక మైదానం. తాత పడవ సాగిన ఏలూరు కాలువ దాని పక్కనుంచే పోయేది. పెద్ద విమానాల కోసం రన్‌వే పొడిగించబోతే ఆ కాలువే అడ్డొచ్చింది. దాన్ని పక్కకు మళ్లించాల్సి వచ్చింది. పడవల్లేని కాలువ కదా, ఎటు తిప్పినా ఎవరికీ ఆలస్యం కాలేదు.